అత్తమ్మ వైపు తలుపు

మా కారు ముందు తలుపు, అత్తమ్మ కూర్చునే వైపుది, తెరిచినచోట నిలబడడం మానేసిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు ఉప్పల్‌లో మా సంఘం వాళ్ల ఇంట్లో ప్రార్థన కూటం ఉంది. రోడ్డు ఎత్తు చేశాక ఆ సందులో సమంగా ఉన్న జాగానే లేదు. ముందు చక్రాలు పైకి ఎక్కించి కారు ఆపాను. అత్తమ్మ ఎప్పటిలాగే తలుపు తోసింది, కాళ్లు రెండూ బయటికి పెట్టింది, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో తలుపు అంచు పట్టుకుని లేవబోయింది. తలుపు ఆమె చేతిలోనే వెనక్కి వచ్చేసింది. దాని అంచు మోకాలి కింద ఎముకకు కొట్టుకుంది. ఆమె మళ్లీ సీట్లో కూలబడింది.

“ఏం గాలే బిడ్డా, పా” అంది. లోపలికి వెళ్లి పాట ఎత్తుకుంది. పాట అయ్యేసరికి తెల్ల చీర అంచు మీద రక్తం మరక కనిపించింది.

తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన నాటి నుంచి కారు దిగడానికి ఆమెకంటూ ఒక పద్ధతి ఉంది. కర్ర ఒక చేతిలో, తలుపు ఇంకో చేతిలో. తలుపు గట్టిగా నిలబడి ఉంటే ఆమెకు మనిషి అక్కర్లేదు. నేను బడి వ్యాన్‌లో ఆయాగా పనిచేసినప్పుడు, పిల్లలందరూ దిగిపోయాక డ్రైవరన్న దగ్గర స్టీరింగు నేర్చుకున్నాను. చదివింది ఐదో తరగతే అయినా కారు నడపడం మాత్రం నాకు చేతనయింది. అందుకే అత్తమ్మను తిప్పే పని నాది.

ఆమెకు తిరగాల్సిన పని కూడా ఉంది. మా సంఘంలో ఎవరు ప్లాటు కొన్నా పునాది తవ్వేముందు నాలుగు మూలలా నిలబడి ప్రార్థన చేయాలి. పాస్టరు గారు వచ్చి వాక్యం చెబుతారు. మూలలు నడిచేది మాత్రం అత్తమ్మే. ఆమె నడవకుండా మా వాళ్లు గడ్డపార వేయరు. ఆ శనివారం నారపల్లిలో అలాంటి ప్రార్థనే ఉంది. ప్లాటు ఎవరిదో కాదు, నాచారం ఫ్యాక్టరీలో అత్తమ్మ పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి మాత్రల డబ్బాలు సర్దిన స్నేహితురాలిది. వాళ్లిద్దరూ ఒకే టిఫిన్ గిన్నెలో తిన్నవాళ్లు. “నీకు ఇల్లు పడే రోజు మూలలు నేనే నడుస్త” అని అత్తమ్మ ఎప్పుడో మాట ఇచ్చింది.

దెబ్బ తగిలిన రోజు సాయంత్రం డ్యూటీ నుంచి మా ఆయన వచ్చాడు. తల్లి కాలికి కట్టు చూశాడు.

“ఇగ బంద్ జెయ్యమ్మా. తిరిగింది సాలు. శనివారం పాస్టర్ ఉంటడు గదా. నీకు ఫోన్ల వీడియో పెడ్త, ఇంట్లనే ప్రార్థన జేస్కో.”

“ఫోన్ల నడుస్తనా కొడకా నాలుగు మూలలు?”

“గట్లయితే ఎవలన్న తలుపు పట్కుంటరు, నువ్వు దిగు.”

“నువ్వు పట్కుంటవా? నీకు శనివారం డ్యూటీ లేదా?”

“నేను గాకపోతే ఎవలో ఒకలు.”

“ఎవలో ఒకలు వచ్చేదాక నేను బండ్ల సూస్కుంట కూసోవాల్నా?” అంది అత్తమ్మ. “బియ్యం సంచి దింపినట్టు నన్ను ఎవలు దింపొద్దు. మనిషిని నిలబెట్టుడు గాదు, తలుపును నిలబెట్టు.”

మా ఆయన నా వైపు చూశాడు, నేనేమైనా సర్ది చెబుతానేమో అని. నేను కూరలో ఉప్పు చూసుకుంటూ ఉన్నాను.

తెల్లారి లేచి చూస్తే అత్తమ్మ కారు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. చేతిలో ప్రార్థన నూనె సీసా. తలుపుకీ బండికీ మధ్య చిన్న ఇనుప పట్టీ ఉంటుంది కదా, దానికి వేలితో నూనె రాస్తోంది, కళ్లు మూసుకుని ఏదో అంటోంది.

“ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?”

“నా తుంటికి రాస్తే లేసి నడిచిన గదా. దీనికి గూడ రాసిన.”

అంతకుముందు ఆ తలుపు కాస్త గీరుకుంటూ మూసుకునేది. నూనె పడ్డాక గాలికి కొట్టుకున్న కిటికీ రెక్కలా రావడం మొదలుపెట్టింది. మా ఆయన ఒకసారి తెరిచి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నవ్వకు” అంది అత్తమ్మ. “దేవుడు ఇనలేదని గాదు. ఆ నూనె దానికి గాదు, గంతే.”

నేను మా ఆయనను నవ్వుకోనిచ్చి, అత్తమ్మను ఎక్కించుకుని నాచారంలో మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన పట్టీ ముట్టుకుని వేళ్లు వాసన చూసుకున్నాడు.

“ఎవలు రాసిన్రక్కా దీనికి నూనె?”

“నేనే” అంది అత్తమ్మ లోపలి నుంచి.

“ఇది తలుపును ఆపే స్టాపర్ అమ్మా. అరిగిపోయింది. పాత మాడల్, దొర్కదు. ఆర్డర్ పెట్టాలె, ఎప్పుడొస్తదో తెల్వదు.” తరువాత నాతో గొంతు తగ్గించి, “అయినా గీ వయసుల అమ్మను ఎందుకు తిప్పుతున్నరక్కా? రామా కృష్ణా అనుకుంట ఇంట్ల కూసోవాలె గదా” అన్నాడు.

అత్తమ్మ చెవులు మాత్రం ముసలివి కావు.

“నేను ఏసయ్యా అనుకుంట తిరుగుత బిడ్డా. నువ్వు తలుపు సూడు” అంది.

నేను దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగాను. నా వైపు తలుపు తెరిచాను. అది టక్కుమని ఆగి నిలబడింది. మళ్లీ మూసి తెరిచాను. మళ్లీ టక్కు.

“అన్నా, ఈ తలుపుదీ ఆ తలుపుదీ ఒక్కటేనా?”

“ఒక్కటే. ఎందుకు?”

“నాది ఇప్పి ఆమెకు పెట్టు. ఆమెది నాకు పెట్టు.”

“ఎవలన్న గట్ల జేస్తరా అక్కా? డ్రైవర్ డోర్ గది. రోజు తగుల్తది నీకు.”

“నా కాళ్లు మంచిగనే ఉన్నయి. నా తలుపును నేను మోకాలితో ఆపుకుంట. ఇప్పు.”

గొణుక్కుంటూనే విప్పాడు. రెండు తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, పట్టీలు మార్చి బిగించాడు. అత్తమ్మ తన తలుపును చాలాసేపు తెరుస్తూ, మూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు.

శనివారం నారపల్లి దాటాక, మొన్నటిదాకా జొన్న చేలు ఉన్నచోట, రాళ్లు పాతిన ప్లాట్ల మధ్యకి కారు తీసుకుపోయాను. మట్టి గట్టు మీదికి ముందు చక్రాలు ఎక్కితే తప్ప ఆగే జాగా లేదు. స్నేహితురాలు చెయ్యి చాపుకుంటూ ఉరికొచ్చింది.

“ఆగవే, నన్ను ముట్టకు” అంది అత్తమ్మ.

తలుపు తోసింది. టక్కుమంది. అంచు పట్టుకుని తన బరువంతా దాని మీద వేసింది. తలుపు కదల్లేదు. లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఒక్కో మూలకీ నడిచింది. మెల్లగానే నడిచింది. పాస్టరు గారు ఎండలో బైబిలు తలకు అడ్డం పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. చివరి మూల దగ్గర స్నేహితురాలు ఏడ్చింది. “గడ్డపార తే, ఏడుపు తర్వాత” అంది అత్తమ్మ.

ఆదివారం చర్చికి మా ఆయన నడిపాడు. స్టాపర్లు మారిన సంగతి ఆయనకు మేం చెప్పలేదు. గేటు ముందు ఎత్తులో ఆపి దిగబోయాడు. తలుపు వచ్చి మోకాలి కింద ఎముకకు కొట్టింది.

“అమ్మా” అన్నాడు కాలు పట్టుకుని. “ఇదేంది, ఇది గూడ పోయిందా?”

అత్తమ్మ అప్పటికే దిగి నిలబడి ఉంది.

“ఇగ బంద్ జెయ్యి కొడకా” అంది. “ఫోన్ల వీడియో పెడ్త, ఇంట్లనే ప్రార్థన జేస్కో.”

ఆ వారమంతా మా ఆయన పాత సామాను దుకాణాలు తిరిగాడు. తల్లి కాలికి తగిలినప్పుడు తల్లిని ఇంట్లో కూర్చోమన్న మనిషి, తన కాలికి తగిలేసరికి దొరకదన్న స్టాపర్ వెతికి పట్టుకొచ్చాడు. మంచిదే. దాన్ని నా వైపు తలుపుకు వేయించాను.

“నేను తెచ్చింది అమ్మకు పెట్టు, ఆమెకున్నది నువ్వు పెట్టుకో” అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అత్తమ్మ వైపు తలుపును మళ్లీ ఎవరినీ విప్పనివ్వలేదు.