చెంపలు వేసుకునే బావ

ఎవరైనా తన కారును మెచ్చుకుంటే మా బావ, అంటే మా అక్క భర్త, చెంపలు వేసుకునేవాడు. ఎనభైల మొదట్లో, తిరుత్తణి దగ్గరి పొదటూరుపేటలో తుప్పు పట్టి పడున్న పాత మోరిస్ కారును తెచ్చి, కొన్నేళ్లు కూర్చుని బాగుచేశాడు. తలుపుల చట్రాలకు సరైన కట్టె దొరక్క, అటక మీదున్న వాళ్ల నాయన మగ్గాన్ని ఆయనకు చెప్పకుండా కోసేశాడు.

మద్రాసులో పాత కార్ల ప్రదర్శనకు అందరం వెళ్లాం. ఒకాయన తలుపు తట్టి "మంచి టేకు" అన్నాడు. బావ చెంపలు వేసుకున్నాడు. తిరుత్తణి మురుగనికి మొక్కుకున్నాడనుకున్నాం.

వెనక సీట్లో కూర్చున్న వాళ్ల నాయన తలుపు లోపలి కట్టెను తడిమాడు. నున్నగా అరిగిన చోట వేళ్లు ఆగాయి.

"ఇది నా చెయ్యి అరగదీసిన కట్టే గదరా. చెప్పింటే, కోసేటప్పుడు నేనూ ఒక కొస పట్టుకుందునే."

బావ చెయ్యి చెంప దాకా లేచి, ఆగిపోయింది.