తొమ్మిదో లెక్క

హుజూరాబాద్‌లో నూలుకు రంగు వేసే ఓ కార్ఖానా బాయిలర్‌కు పాత కంప్యూటర్ కాపలా. దానికి, ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే అసెంబ్లీ భాషలో ప్రోగ్రాం రాసింది నేనే. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే ఎర్రలైటు, లేకుంటే పచ్చలైటు. ఇంట్లో ఐదుసార్లు పరీక్షించి, అక్కడ కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాను.

బాయిలర్ చూసే రాజమల్లు తాత మాత్రం నిమిషానికోసారి మీటరు ముల్లు చూసి, గోడ మీద సుద్దతో అంకె రాస్తూనే ఉన్నాడు.

"ఇంకెందుకు తాతా?" అని నవ్వాను.

"అలవాటు బిడ్డా."

కాసేపటికి ఆయనే పిలిచాడు. "గోడ మీద అంకె ఎక్కుతనే ఉంది. నీ లైటు పచ్చగనే ఉందేంది?"

ముల్లు ఎర్రగీత దాటింది. పైపులు సన్నగా మూలుగుతున్నాయి. తాతే మంట ఆపి, వాల్వు తిప్పి ఆవిరి వదిలాడు.

గంటసేపు వెతికితే నా తప్పు దొరికింది. ఆ ప్రాసెసర్‌లో దశాంశ లెక్కలకు ఎనిమిది గళ్లే ఉంటాయి, పేర్చిన పళ్లేల్లా. పనైపోయిన అంకెను తీసేయాలి. నేను ప్రతిసారీ ఒకటి తీయకుండా వదిలేశాను. తొమ్మిదోసారి చోటు లేక అంకె చెడిపోయింది. చెడినది అసలు అంకే కాదు కాబట్టి ఏ హద్దునూ దాటదు, ఎర్రలైటు వెలగదు.

అదే ప్రోగ్రాంను ముందురోజు బోథ్‌లో నూనెమిల్లు బాయిలర్‌కు పెట్టి వచ్చాను! వెంటనే ఫోన్ చేశాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నిన్నటి సంది పచ్చలైటే. ముల్లు చూసుడే బంద్ చేసినం" అన్నాడు ఆపరేటర్.

మంట ఆపమని అరిచాను. ఆపారు.

ఇప్పుడు ఎక్కడ పనికి వెళ్లినా నా సంచిలో సుద్దముక్క ఉంటుంది.

— ఓ పాఠకుడు, చొప్పదండి