బొటనవేలికి ఆయుధ పూజ

ఈ రోజు ఉదయం మా బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో ఆయుధ పూజ. మలేషియాలో పుట్టి పెరిగిన మా అత్తగారు కారు తాళాలకీ, కుక్కర్‌కీ, నా లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టేసి, "అసలు ఆయుధం ఎక్కడ బాబూ?" అన్నారు.

నాకో బుల్లి రివాల్వర్ ఉన్న మాట నిజమే. కానీ ఈ ఊళ్లో సొంత తుపాకీ అయినా ఇంటికి రాదు. షూటింగ్ క్లబ్ వాళ్ల దగ్గరే తాళం వేసి ఉంటుంది. వెళ్లి, కాల్చుకుని, అప్పగించి రావాలి.

"కెనాట్ లా అమ్మమ్మా, పోలీస్ విల్ కమ్!" అంది మా అమ్మాయి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

అత్తగారు వెనక్కి తగ్గలేదు. "పోనీ, అది పేలేదెట్లా?" అని అడిగారు. కాల్చే ప్రతిసారీ ముందు దాని వెనకున్న సుత్తిని బొటనవేలితో లాగాలని చెప్పాను.

"అయితే ఆ వేలు ఇట్లా ఇవ్వు" అని పసుపు రాసి, దండిగా కుంకుమ పెట్టారు.

మధ్యాహ్నం క్లబ్‌లో పోటీ. నా చెయ్యి చూసి అక్కడి అధికారి హడలిపోయాడు. "అంకుల్, బ్లీడింగ్ ఆ? కెనాట్ షూట్!" పూజ సంగతి ఎంత చెప్పినా నమ్మలేదు. వేలు శుభ్రంగా కడిగి, గాయం లేదని చూపించాకే తుపాకీ చేతికిచ్చాడు.

ఎప్పటిలాగే ఆఖరి స్థానంలో నిలిచాను. ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తగారు నెత్తి కొట్టుకున్నారు.

"బొట్టు కడిగేస్తే ఇంకెక్కడ తగులుద్ది బాబూ! నీ తప్పేముంది?"

ఇన్నేళ్లుగా గురి తప్పుతూనే ఉన్నాను గానీ, ఇంత గట్టి సాకు ఏనాడూ దొరకలేదు. ఇలా వెనకేసుకొచ్చే అత్తగారు మీలో ఇంకెవరికైనా ఉన్నారా?