జానమ్మ కడిగిన ఇసుక

సూర్యాపేటలో జానమ్మ గుడిసెకు తలుపు సరిగ్గా ఉండేది కాదు గాని, లోపల అద్దాల తొట్టిలో ఆరు చేపలుండేవి. మిషన్ బంగళా దొరసాని దేశం వదిలి వెళ్తూ తోటమాలి యోహానుకు ఇచ్చిపోయిన తొట్టి అది. మూసీ ఇసుక తెచ్చి అడుగున పరిచింది యోహానే. భార్యకు పని నేర్పిందీ అతనే.

"శనివారం శనివారం పుల్లతోని సగం ఇసుకనే కదపాలె. మిగతా సగం వచ్చే వారం. ఒక్కపారే అంత కడిగితే చాపలు బతుకయ్."

నలభై ఎనిమిదిలో రజాకార్ల భయానికి మగవాళ్లు ఊరు విడిచినప్పుడు యోహానూ కోదాడ దిక్కు పోయాడు. రజాకార్ల పీడ వదిలింది గాని యోహాను రాలేదు. అక్కడే బియ్యం మిల్లులో కుదిరాడట, పిలిపిస్తాడట. ఏడాది గడిచింది. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో జానమ్మ మాట్లాడేది చేపలతోనే. "ఇయ్యాల కూర మాడింది" అని కూడా వాటికే చెప్పేది. వాడకట్టు నవ్వింది. ఒంటరితనం ఎరగనివాళ్లకు నవ్వు బాగానే వస్తుంది.

ఒకనాడు కోదాడకు బండి తోలే యేసయ్య కబురు తెచ్చాడు. "అక్కా, శనివారం నా బండి మీదనే వస్తనన్నడు బావ."

ఇక ఆమె కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. ఇల్లు అలికింది, గోడకు సున్నం వేసింది. శుక్రవారం కుంకుడుకాయలతో తలంటుకుంది. రసం కొంచెం మిగిలింది. తొట్టి వంక చూస్తే ఇసుక నల్లగా, పాచిపట్టి ఉంది. పెనిమిటి చూస్తే ఏమనుకుంటాడు? చేపల్ని కుండలోకి తీసి, ఇసుకంతా కుంకుడు రసంతో నురగొచ్చేలా రుద్ది, రెండు బిందెల నీళ్లు పోసి కడిగి, మళ్లీ పరిచి చేపల్ని వదిలింది. వెండి కడియాలు తోమినట్టే తోమింది పాపం. కుంకుడు చేపలకు విషమని చెరువులో వల వేసే ఎవరినడిగినా చెప్పేవారు. ఆ సంబరంలో అడిగే తీరికెక్కడిది?

తెల్లారేసరికి ఆరూ వెల్లకిలా తేలాయి. ఆయనకు ఏ ముఖం చూపించాలని జానమ్మ ఏడ్చింది.

పొద్దుగూకే వేళకు బండి వచ్చింది. అందులో ఉప్పు బస్తాలే ఉన్నాయి.

"మిల్లు పని ఇడిసి ఇప్పట్ల రాడటక్కా," అన్నాడు యేసయ్య తల దించుకుని. "చాపలు మంచిగున్నయా, అడిగి రమ్మన్నడు."

"నా సంగతేమన్న అడిగిండా?"

యేసయ్య వంగి ఎద్దు మెడపలుపు బిగించాడు.

"మంచిగున్నయని చెప్పు," అంది జానమ్మ.

లోపలికి వెళ్లి పుల్ల అందుకుంది. ఆ రోజు శనివారం. ఒక్క చేపా లేని తొట్టిలో సగం ఇసుకే కదిపింది.