జుబేదా మేడమ్ చూపిన దారి, వద్దన్న దారి

మా గురువు జుబేదా మేడమ్ గత శుక్రవారం ఉదయం కర్నూలులోని స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారు. కల్లూరు నుంచి మా నాన్న ఫోన్ చేసి చెబితే వెంటనే నమ్మలేకపోయాను. అంతకు కొద్ది రోజుల ముందే ఆమె నాకు ఫోన్ చేసి, ఒక విద్యార్థిని సందేహం తీర్చమని ఆదేశించారు.

ఆమె నగర శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ అధ్యాపకురాలు. వైద్య పరికరాలనూ కృత్రిమ అవయవాలనూ రూపొందించే బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయవచ్చని మా ప్రాంతంలో నేటికీ చాలామందికి తెలియదు. ఏ డిగ్రీ చదివినవారు అందులో ఎలా చేరవచ్చో ఆమె ఓపికగా వివరించేవారు. ఇంజనీరింగ్ పిల్లలకు శరీరధర్మశాస్త్రం, జీవశాస్త్రం నుంచి వచ్చినవారికి గణితం దగ్గరుండి చదివించేవారు.

ఆ కళాశాలలోనే నేను మెకానికల్ విద్యార్థినిని. ఈ ఎంటెక్ కోసం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుంటానంటే ఇంట్లో కలకలం రేగింది. మేడమ్ స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"చేతికొచ్చిన ఉద్యోగం మేడమ్. ఆస్పత్రి చదువు చదివి పాప యాడ బతుకుతాది?" అన్నారు నాన్న.

"బతుకుతాదని రాసియ్యలేనప్పా. కష్టం శానా ఉండాది. కానీ నేను పంపిస్తాండేది కాదు, ఆయమ్మే పోతాండాది" అన్నారామె. నాన్న మెత్తబడింది ఆ నిష్కపటమైన మాటకే.

ఒకనాడు, మోకాలంటే తలుపు బందు లాంటిదే కదా అన్నాను. మేడమ్ తనకు తెలిసిన ఎముకల వైద్యుని అనుమతితో నన్ను ఆస్పత్రికి తీసుకువెళ్లి, అక్కడ కూర్చున్న ఒక వృద్ధురాలిని "నొప్పి ఎప్పుడెక్కువ పెద్దమ్మా?" అని పలకరించారు.

"శ్రీశైలంలో మెట్లు ఎట్లో ఎక్కేసినా తల్లీ. దిగేటప్పుడే పానం పోయినట్లాయె."

బయటికి వచ్చాక మేడమ్ అన్నారు: "తలుపు బందుకు ఎక్కేది, దిగేది ఉండాదా? ముందు మనిషిని అడుగు. తర్వాత లెక్క చెయ్."

మొదటి ఏడాది ఎంటెక్ ఇంటర్వ్యూలో శరీరశాస్త్రం ప్రశ్నలకు తడబడి సీటు పోగొట్టుకున్నాను. ఆమె ఓదార్చలేదు. "తెలీలేదు గదా, తెలుసుకో" అని కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రంలో పనికి చేర్పించారు. మరుసటి ఏడు సీటు వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మోకాలి కీళ్ల మీదే పరిశోధన చేస్తున్నాను.

అందరినీ ఈ చదువులోకి మళ్లించాలన్న వ్యామోహం ఆమెకు లేదు. మా ఏడాది ఎలక్ట్రానిక్స్‌లో ప్రథముడైన శివారెడ్డితో, "నీకు సర్క్యూట్లంటే ప్రాణం, మనుషులంటే విసుగు. ఈ దారి నీకొద్దప్పా" అని ముఖం మీదే చెప్పారు. కొంతకాలం అతడు ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు విద్యుత్ రంగంలో స్థిరపడ్డాడు. మేడమ్ అంతిమయాత్రకు, జనాజాకు, అందరికంటే ముందు వచ్చినవాడు అతడే.

నేను కల్లూరులో ఇల్లు చేరేసరికి నాన్న కూడా శ్మశానానికి వెళ్లారు; సాయంత్రం తిరిగి వచ్చారు. "మూడు పిడికిళ్ల మన్ను ఏసొచ్చినా పాపా" అన్నారు.

కాళ్లు కడుక్కుని వచ్చి, "మన ఈదిలో ఆ సుబ్బన్న కూతురుండాది గదా, ఈ ఏడు డిగ్రీ అయిపోతాది. మేడమ్ కాడికి తీసకపోతానని వాళ్లకు మాటిచ్చినా. ఇంగ యాడికి తీసకపోయేది?" అన్నారు.

పాఠం చెప్పగలవారు మా ఊళ్లో ఎందరో ఉన్నారు. ఇంటికొచ్చి మాట్లాడి, ఈ దారి నీదా కాదా అని ముఖం మీదే చెప్పే మనిషి మాత్రం ఆమె ఒక్కరే.