మూడో పిలుపు ఆలస్యం

మా పెంటయ్యన్నకు ఏ మనిషినీ ఒక్కసారి పిలవడం చేతకాదు. మూడుసార్లు పిలవాల్సిందే, అదీ తండ్రి పేరు జోడించి మరీ. శంషాబాద్ పక్కన మా కోర్టులో ముప్పై ఏళ్ళు అటెండరుగా, వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు కేకేసిన గొంతు అది. రిటైరై రెండేళ్ళయింది. ఆ గొంతు లేని వరండా అక్కడే వకీలునైన నాకు ఇప్పటికీ బోసిగానే ఉంది.

ఇంట్లో చాయ్ కావాలన్నా అదే వరస.

"జంగయ్య బిడ్డ రుక్కమ్మా..."

"మూడోసారి గూడ పలుకకుంటే ఏం జేస్తవ్?" అంది భార్య, నా ముందే.

"నువ్వు లేకుండనే తీర్పు ఇస్త."

"ఇయ్యి. చాయ్ గూడ నువ్వే పెట్టుకో."

ఆయన లెక్కలో జడ్జీలు మూడేళ్ళ కిరాయిదారులు. "సార్లు వస్తరు, పోతరు మేడం. కోర్టు ఈడనే ఉంటది" అనేవాడు. ఏ ఫ్యాను కిర్రుమంటుందో, నెత్తిమీద విమానం పోతుంటే సాక్షిని ఎంతసేపు ఆపాలో వచ్చిన ప్రతి జడ్జికీ ఆయనే నేర్పేవాడు. విచిత్రమేమంటే, మూడో పిలుపుకు ముందు ఆయనకు తప్పకుండా ఓ విమానం వినిపించేది.

ఒక సోమవారం పాల్మాకుల ఊరి అనంతమ్మ కేసు. ఆమె సాక్ష్యానికి అదే ఆఖరి వాయిదా. మూడో పిలుపుకూ రాకపోతే రెండెకరాల దావా కొట్టేస్తారు. ఆమె వకీలును నేనే. రెండు పిలుపులయ్యాయి, ఆమె జాడ లేదు.

"మూడోది పిలవండి పెంటయ్యగారూ" అన్నారు జడ్జి రాఘవేందర్‌గారు.

"విమానం సార్."

"నాకేం వినబడట్లేదే."

"జర దూరముంది సార్. వస్తున్నది."

జడ్జిగారు కలం కింద పెట్టి కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడిచారు. అయిదు నిమిషాలకు అనంతమ్మ చెప్పులు చేతబట్టుకుని ఉరుకుతూ వచ్చి పెంటయ్యన్న ఎదురుగా నిలబడింది. ఆమె మొహంలోకే చూస్తూ ఆయన మూడో పిలుపు గొంతెత్తి పిలిచాడు.

"ఈడనే ఉన్న గద బిడ్డా" అందామె రొప్పుతూ.

సాయంత్రం జడ్జిగారు వరండాలోకి వచ్చారు. "పెంటయ్యగారూ, విమానమంటారు, చూసేదేమో బస్టాపు వైపు."

పెంటయ్యన్న తల గోక్కున్నాడు. "పాల్మాకుల బస్సు ఎన్నడు టైముకు రాదు సార్."

"తెలుసు. నేను వచ్చిన మొదటి వారమే మీరు నేర్పారుగా" అని నవ్వి వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే జడ్జిగారికి బదిలీ. ఆయన కారు కనుమరుగయ్యాక పెంటయ్యన్న లోపలికొచ్చి ఖాళీ కుర్చీని చాలాసేపు తుడిచాడు. "గిసొంటి సార్ మళ్ల దొరకడు మేడం" అన్నాడు. నాకూ దిగులేసింది.

కాసేపటికి గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు కొత్త సార్ వస్తడు. ఇగ బస్సుల సంగతి మొదటికెల్లి చెప్పాలె."