పేరు పోని కవరు

శ్రీపతి ఏ పెళ్లికీ మంత్రాలు చదవలేదు, ఏ పెళ్లికీ వంట చేయలేదు. అయినా చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఎవరి చేతిలోనైనా వెలిసిపోయిన గుడ్డసంచి కనిపిస్తే ఆగిపోయేవాడు. మెడ వంచి, దాని మీద మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని, "ఈ పెండ్లి నేనే చేసిన సార్" అని నాతో అనేవాడు. ఆ సంచి పట్టుకున్న ఆవిడ దాన్ని అటు చేతికి మార్చుకుని మా ఇద్దరినీ అనుమానంగా చూసేది. నాకు సిగ్గేసేది, అతనికి వేసేది కాదు.

అతను చేసేవి తాంబూలం సంచులు. పెళ్లికి వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు కొబ్బరికాయ, ఆకు, వక్క, రవికె గుడ్డ పెట్టి చేతికిచ్చే సంచులు. ముతక గుడ్డ తెస్తే భార్య రేణుక మిషను మీద కుట్టేది. చెక్క చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డను సంచి మీద ఆనించి, రంగు పోసి, రబ్బరు పలకతో శ్రీపతి ఒక్క లాగు లాగేవాడు. వినాయకుడి బొమ్మ, పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, తేదీ పడేవి. ఆ చిన్న వాకిట్లో దండేల నిండా ఎవరెవరివో పెళ్లిళ్లు ఆరుతూ ఉండేవి.

నాది దివిసీమ. నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికి, చిక్కడపల్లిలో శ్రీపతి వాళ్ల పక్క వాటాలో కిరాయికి దిగాను. తప్పులు వెతకడం నా బతుకుతెరువు. ఇంట్లో కూడా ఆ పని మానవు అని మా ఆవిడ కమలాకుమారి గొడవ. దిగిన వారానికే దండెం మీద సంచుల్లో 'వదువు' అని కనపడితే ఉండబట్టలేక చెప్పేశాను. మరొకరైతే కిరాయికి వచ్చినవాడివి నీకెందుకనేవారు. శ్రీపతి మాత్రం ఆ సంచులన్నీ పక్కన పడేసి మళ్లీ అచ్చు వేశాడు. ఆ రోజు నుంచి ప్రతి పేరూ అచ్చుకు ముందు నా దగ్గరికి వచ్చేది.

ఒకసారి, చి.ల.సౌ. అంటే ఏమిటని అడిగాడు. పదిహేనేళ్లుగా పెళ్లికూతుళ్ల పేర్ల ముందు అచ్చు వేస్తూ ఆ సంగతి తెలియదా అని నవ్వాను. మొదటిది చిరంజీవి, అంటే చావు లేకుండా ఉండమని దీవెన, తర్వాతది లక్ష్మీ సౌభాగ్యవతి అని చెప్పాను. అతను నవ్వలేదు. "గంత మంచి దీవెనను చుక్కలు పెట్టి కోసుడేంది సార్?" అన్నాడు. అప్పటి నుంచి ఎంత ఇరుకైనా ఆ మాటలు పూర్తిగానే వేసేవాడు.

గుడ్డ మీద రంగు ఎన్నాళ్లో నిలవదు. ఉతికిన కొద్దీ వెలిసి, ఆ దంపతుల పిల్లలు బడికి వెళ్లే వేళకు పేర్లు మాసిపోయేవి. తర్వాత సంచి చిరిగి, వంటింట్లో మసిగుడ్డ అయి, ఒకరోజు పొయ్యిలోకి పోయేది. మీరు చేసిన పని అలా పోతుంటే బాధ లేదా అని అడిగాను. పెండ్లి పాతబడ్డాక పేరెందుకని, ఇక వాళ్లను వాళ్లు గుర్తుపెట్టుకుంటే చాలని అన్నాడు.

ఇంతలో కవర్లు వచ్చాయి. మొదట మందుల షాపులో, తర్వాత కిరాణా కొట్లో, చివరికి కొత్తిమీర కట్ట అమ్మే ముసలమ్మ దగ్గర కూడా పల్చటి ప్లాస్టిక్ కవర్లే. ఇంటి నుంచి సంచి పట్టుకెళ్లడం పాతకాలపు అలవాటైపోయింది. నేనూ మానేశాను, పొద్దున్నే ప్రెస్సుకు పోయేవాణ్ని సంచి మోసుకుంటూ తిరగనా అని. పెళ్లివాళ్లు కూడా మెరిసే కవర్లు కావాలన్నారు. శ్రీపతి వాటి మీద అచ్చు వేయనన్నాడు. ఒక్కపూట మోసి పారేసేదాని మీద పేర్లేమిటని అతని వాదం. ఏడాదికి నలభై పెళ్లిళ్లు చేసే మనిషి ఐదారు పెళ్లిళ్లకు దిగాడు. రేణుక ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది. అప్పుడు కూడా అతను దిగిరాలేదు.

దించింది కూతురు. విజయశ్రీకి తొంభై అయిదు వేసవిలో అడిక్‌మెట్ సంబంధం కుదిరింది. అబ్బాయి ఉదయ్ కుమార్ నెమ్మదస్తుడు, కానుకల ఊసెత్తని ఇంటివాళ్లు. అంతా బాగానే ఉంది. పిల్ల ఒక్కటే అడిగింది. "బాపూ, నా దోస్తులందరు వస్తరు. గా మోటు సంచులు ఇయ్యకు. ఎర్ర కవర్ల మీద బంగారి అక్షరాలు ఏపియ్యి." శ్రీపతి రెండు రోజులు పలకలేదు. మూడో రోజు సుల్తాన్ బజార్ వెళ్లి ఐదువందల ఎర్ర కవర్లు, ప్లాస్టిక్‌కు అంటుకునే ప్రత్యేకమైన బంగారు రంగూ తెచ్చాడు. ఈ రంగు జన్మలో పోదని షాపువాడు చెప్పాడట. మొదటి కవరు మీద గోటితో గీకి చూశాడు, నిజంగానే పోలేదు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి విజయశ్రీ. నాకు చూపిస్తే తప్పేమీ లేదన్నాను. చాలా బాగుందని కూడా అన్నాను. ఆ పిల్ల కవరును ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

పెళ్లి నారాయణగూడ ఫంక్షన్ హాల్లో జరిగింది. మర్నాడు నేను ప్రెస్సుకు వెళుతుంటే, హాలు బయట ఎంగిలి విస్తళ్ల కుప్పలో ఆ ఎర్ర కవర్లు కనిపించాయి. కొందరు అతిథులు కొబ్బరికాయ తీసుకుని కవరు అక్కడే పడేసి పోయారు. కుప్ప దగ్గర శ్రీపతి నిలబడి ఉన్నాడు. నేను పలకరించకుండా వెళ్లిపోయాను, ఎందుకంటే నేను చేసిందీ అదే. మా ఇంటికొచ్చిన కవర్లో అరటి తొక్కలు, వాడిన పూలు వేసి, మూతి కట్టి, కాసేపటి క్రితమే అశోక్ నగర్ వంతెన మీద నుంచి కింద పారే మురుగు నాలాలోకి విసిరాను. ఆ పేరును దిద్దిన చేత్తోనే విసిరాను.

మరుసటి ఏడు శ్రావణంలో విజయశ్రీ ఏడో నెలతో పుట్టింటికి వచ్చింది. ఆ పిల్ల వచ్చిన వారానికి ముసురు పట్టి, హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే ఆ నాలా పొంగింది. వంతెన కింద కవర్లు, చెత్త అడ్డంపడి నీళ్లు వెనక్కి తన్నాయి. మా గల్లీలోకి మోకాలి లోతు మురుగు వచ్చింది. మూడు రోజుల తర్వాత మురుగు తీసింది గానీ, కొళాయి నీళ్లు చాలా రోజులు వాసన వచ్చాయి. కాచుకునే తాగాం అందరం, లేదా కాచుకున్నామని అనుకున్నాం. నెల తిరిగేసరికి ఆ పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. కడుపుతో ఉన్నప్పుడు కామెర్లు చాలా చెడ్డవని డాక్టరు చెప్పాడు. నీళ్ల వల్ల వచ్చిందన్నాడు, ఏ నీళ్లో ఎవరు చెప్పగలరు? ఆస్పత్రిలో చేర్చిన ఆరో రోజు ఆ పిల్ల పోయింది. లోపలి బిడ్డా పోయింది.

నాకు కూతురు కాదు, చుట్టం కాదు. అయినా ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

వానలు వెనకబట్టాక మునిసిపాలిటీవాళ్లు నాలాలో పూడిక తీయించారు. రాములు అనే పనివాడు పార మీద బురద తెచ్చి గట్టున పోస్తుంటే, శ్రీపతి ఆ దారిన వస్తూ ఆగాడు. నల్లటి బురదలో ఎర్రగా ఒక మూల. లాగి, పక్కనున్న గుంట నీళ్లలో జాడించాడు. కూతురి పేరు నిన్న అచ్చు వేసినట్టు మెరిసింది. ఒక్క అక్షరం పోలేదు. అతను ఆ గట్టునే కూలబడి ఏడ్చాడని, అది ఆయన కూతురి పెళ్లి కవరని తనకు అప్పుడే తెలిసిందని రాములు తర్వాత నాతో చెప్పాడు.

ఆ రోజుతో శ్రీపతికి ఇంకో పని లేకుండా పోయింది. పొద్దున్నే ఒక ఇనుప కొక్కెం కర్ర పట్టుకుని నాలా వెంట నడిచేవాడు. ఎర్రగా ఏది కనిపించినా లాగి చూసేవాడు. చేతికొచ్చిన మిగతా కవర్లను తిరిగి నీళ్లలో వేయబుద్ధి కాక గోతాంలో కుక్కి గట్టుకు తెచ్చేవాడు. దొరికిన పెళ్లి కవర్లు కడిగి, పెళ్లిళ్లు ఆరిన దండేల మీదే ఆరేసేవాడు. రేణుక వాటి వైపు చూడలేక వెనక తలుపు నుంచి తిరిగేది. పిల్ల పోయిన ఇంట్లో, వాకిలి నిండా చిరంజీవి చిరంజీవి అని రాసి ఉంటే ఏ తల్లి చూస్తుంది?

చూసినవాళ్లు తలో మాటా అన్నారు. మతి తప్పిందన్నారు. చెత్త ఏరుకునే గతి పట్టిందన్నారు. ఒక కాలేజీ పిల్లలు మాత్రం పర్యావరణ సేవకుడని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మన నాలాల్లో ప్లాస్టిక్ చివరికి సముద్రాన్ని చంపుతుందని వాళ్ల మాస్టారు చక్కగా మాట్లాడాడు. శ్రీపతి ఇంటికొచ్చి నన్ను అడిగింది ఒక్కటే, మన నాలా నిజంగానే సముద్రంలో కలుస్తుందా అని. గోల్నాక దగ్గర మూసీలో, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో, కృష్ణ మా ఊరి పక్కన హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయని చెప్పాను. చెబుతున్నప్పుడే నాలుక కొరుక్కోవాలనిపించింది. అతను సముద్రం ఎన్నడూ చూడలేదు. ఎంత ఉంటదని అడిగితే, ఎంతని చెప్పను?

తర్వాత అతను ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. పెళ్లికొచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఆ కవరు మిగిలి ఉంటే ఇవ్వమని, బదులుగా గుడ్డసంచి ఇచ్చేవాడు. మళ్లీ ముతక గుడ్డ వచ్చింది, ఈసారి మిషను మీద తనే కుట్టేవాడు. ఆ సంచుల మీద ఏ పేరూ లేదు. కవరు లేదన్నవాళ్లకు కూడా, ఇంకో కవరు తీసుకోకండని చెప్పి సంచి ఇచ్చి వచ్చేవాడు. మార్కెట్లో ఏ రాతా లేని తెల్ల సంచులు అక్కడక్కడ కనిపించసాగాయి.

మా గుమ్మంలోకీ వచ్చాడు. "మీ కవర్ ఉన్నదా సార్?" అన్నాడు. ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉండాలి, వెతికి ఇస్తానన్నాను. కమలాకుమారి నా ముఖం వైపు చూసింది. అతను మళ్లీ అడగలేదు. ఎదురుపడినప్పుడల్లా నా చేతుల వైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికి నేను ప్రెస్సుకు వెనక గల్లీ నుంచి వెళ్లడం మొదలుపెట్టాను.

మాఘ పౌర్ణమికి మా ఊరు వెళ్లాను. ఏటా ఆ రోజు హంసలదీవిలో సంగమ స్నానాలు. నేను మునగలేదు. జనం వెళ్లాక ఒడ్డు వెంట నడిచాను. చిన్నప్పుడు గవ్వలు ఏరిన ఇసుకలో అడుగుకొక కవరు, సగం పూడి, సగం ఎగురుతూ. వంగి ఒక్కొక్కటీ చదివాను. బెజవాడ బట్టల షాపులు, గుడివాడ మిఠాయి కొట్లు, ఎవరివో పెళ్లిళ్లు. దూరంగా ఎర్రగా కనిపిస్తే ఈ వయసులో పరిగెత్తాను. అది బిస్కెట్ల కవరు. అల వచ్చి ఒక ఐదారు కవర్లను లోపలికి తీసుకుపోయింది. జీవితమంతా అచ్చు చదివినవాణ్ని, అంత భయంతో ఎన్నడూ చదవలేదు.

తిరిగి వచ్చిన రోజే వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. శ్రీపతి మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పేశాను. "మీ అమ్మాయి కవరు నా దగ్గర లేదు శ్రీపతిగారూ. పెళ్లి మర్నాడే వంతెన మీద నుంచి విసిరేశాను. మీతో అబద్ధం చెప్పాను. సముద్రం దాకా వెళ్లి వెతికాను, దొరకలేదు."

మిషను ఆగింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"దొరకది సార్," అన్నాడు. "చిరంజీవి అంటె చావు లేనిదని మీరే చెప్పిండ్రు గద. నేను బిడ్డకు రాసిన, దీవెన పోయి కవర్‌కు తాకింది."

నేను వెళ్లబోతుంటే ఆపి, కుడుతున్న సంచికి దారం తెంపి నా చేతిలో పెట్టాడు. కవరు ఇవ్వనివాడికి ఎందుకంటే వినలేదు.

ఆ సంచి మా ఇంట్లో ఏడేళ్లు కూరగాయలు మోసింది. చెవి తెగితే కమలాకుమారి రెండుసార్లు కుట్టింది. తర్వాత మసిగుడ్డ అయింది, తర్వాత చీలికలైంది, మొన్న ఆవిడే నీళ్ల పొయ్యిలో వేసేసింది. దాని పని అయిపోయింది. శ్రీపతి కూడా ఇప్పుడు లేడు. నేను విసిరిన కవరు మాత్రం ఏ నీళ్లలోనో ఉంది. దాని మీద ఆ పిల్ల పేరు, నేను దిద్దింది దిద్దినట్టే, ఒక్క తప్పు లేకుండా ఉంది.